మంచు కొండల్లో పూటకూళ్ళ ఇళ్ళు

ఇల్లాలి చేతికి తాళంచెవి వచ్చింది. ఊరికి ఆదాయం మిగిలింది. మందను తినే చిరుత బతికిపోయింది

పాడేరు (మా విలేఖరి):

చలికాలం వచ్చిందంటే మన ఏజెన్సీకి చుట్టాల తాకిడి మొదలవుతుంది. మెట్టలన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా మెరిసే రోజులవి. శనివారం రాత్రి అయ్యేసరికి ఘాట్ రోడ్డు మీద కార్ల దీపాలు బారులు తీరుతాయి. వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడాలని కొందరు, లంబసింగి చలిలో మంట కాచుకోవాలని కొందరు, అరకు కాఫీ తాగాలని మరికొందరు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. సంతోషమే. మన కొండలు నలుగురి కంటా పడితే ఎవరికి కాదు?

కాని సోమవారం ఉదయం అదే దారిన ఒకసారి నడిచి చూడండి. గుడారాలు వేసినచోట బూడిద కుప్పలు, గడ్డిలో సీసా పెంకులు, వాగు ఒడ్డున ప్లాస్టిక్ ప్లేట్లు కనిపిస్తాయి. గుడారం అద్దె దాన్ని తెచ్చి వేసిన పై ఊరివాడి జేబులోకి పోయింది. కారు కిరాయి కారువాడికి పోయింది. తినే సరుకులు, తాగే నీళ్ళ సీసాలు కూడా కింద నుంచే వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళకు మిగిలింది ఏమిటంటే, నాలుగు మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మడం, లేదా ఎవరో కట్టిన గదుల్లో దుప్పట్లు ఉతికే కూలి. కొండ మనది, చలి మనది, మబ్బు మనది, చెత్తా మనదే. డబ్బు మాత్రం దిగి వెళ్ళిపోతోంది.

ఎక్కడైనా ఇంతేనా? వచ్చినవాడు పెట్టిన రూపాయి ఊళ్ళోనే నిలిచే ఉపాయం లేదా? ఉంది. దేశానికి ఉత్తరపు కొసన, మన కొండలకు మూడు నాలుగింతల ఎత్తున, ఏడాదిలో సగం రోజులు గడ్డకట్టే లదాఖ్‌లో కొందరు పల్లెటూరి ఆడవాళ్ళు ఆ ఉపాయాన్ని ఆచరణలో పెట్టి రెండు దశాబ్దాలు దాటింది. వాళ్ళ కథ మన గూడేలవారు వినదగింది.

పూటకూళ్ళమ్మ కొత్తది కాదు

ఈ పద్ధతిని ఇప్పుడు హోమ్‌స్టే అంటున్నారు. అంటే హోటలు కాదు, లాడ్జీ కాదు. కాపురమున్న ఇంట్లోనే ఒకటి రెండు గదులు అతిథికి ఇచ్చి, ఇంట్లో వండిందే పెట్టి, అందుకు సొమ్ము తీసుకోవడం. పేరు కొత్తగా ఉన్నా పని మనకు కొత్త కాదు. బస్సులూ హోటళ్ళూ లేని రోజుల్లో బాటసారికి మన ఊళ్ళలో ఆధారం పూటకూళ్ళ ఇల్లే. దాన్ని నడిపింది ఎక్కువగా దిక్కులేని ఆడదే. గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు అరుదు. అయితే ఆమెకు లోకం గౌరవం ఇవ్వలేదు. పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా అని సామెత కూడా కట్టింది. అన్నం అమ్ముకునేదానికి పుణ్యమెక్కడిదని దాని భావం.

లదాఖ్ పూటకూళ్ళమ్మలు ఆ సామెతను తిరగరాశారు. వాళ్ళు అన్నం అమ్మినందువల్లే ఒక అరుదైన జంతువు ప్రాణం నిలిచింది.

వాన లేని దేశం

లదాఖ్ 2019 అక్టోబరు 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. అంతకుముందు జమ్మూ కాశ్మీర్‌లో భాగం. ముఖ్యపట్టణం లేహ్ సముద్ర మట్టానికి సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. మన లంబసింగి మూడు వేల అడుగుల పైచిలుకు అనుకుంటే లెక్క తేలుతుంది. కొత్తగా వెళ్ళినవాడికి అక్కడ ఊపిరి అందదు. నాలుగు మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకుని, ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడ్డాకే తిరగాలి.

మన కొండలకు వాన వరం. అక్కడ ఏడాది మొత్తం కురిసేది నాలుగు అంగుళాలు. వేసవిలో పై కొండల మంచు కరిగి వాగుల్లో దిగితే, ఆ నీటిని సన్నటి కాలవల్లో పొలానికి మళ్ళించుకుని బార్లీ, గోధుమ, బఠాణి పండిస్తారు. పంట ఏడాదికి ఒక్కటే. మిగతా బతుకంతా గొర్రెలు, మేకలు, యాక్ బర్రెలు, ఆవుకూ యాక్‌కూ పుట్టిన జో పశువుల మీదే. మగవాళ్ళు చాలామంది సైన్యంలోనో, లేహ్‌లో ఏదో ఒక పనిలోనో, సామాన్లు మోసే గుర్రాల వెంటనో ఉంటారు. పొలం, మంద, పొయ్యి మూడూ ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తాయి.

సింధు నదికి అవతల, లేహ్ నుంచి కొంత దూరం జీపులో వెళ్ళి, ఆపైన కాలినడకన లోయ వెంబడి ఎక్కితే రుంబక్ అనే ఊరు వస్తుంది. ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఊరి చుట్టూ ఉన్నది హెమిస్ జాతీయ వనం. 1981లో ఏర్పడిన ఈ వనం విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. వనం అనగానే మన చింతపల్లి అడవి గుర్తుకు రాకూడదు. అక్కడ చెట్టు కనబడటమే గొప్ప. అంతా రాతి కొండలు, మట్టి దిబ్బలు, మంచు. ఆ రాళ్ళలో భరల్ అనే కొండగొర్రెలు మేస్తాయి. వాటిని వేటాడుతూ మంచు చిరుత తిరుగుతుంది. లదాఖీలు దాన్ని శాన్ అంటారు. రాతి రంగు ఒళ్ళు, బారెడు తోక. ఎదురుగా కూర్చున్నా కంటికి ఆనదు.

చిరుత దిగిన రాత్రి

ఈ చిరుతకూ ఊరికీ పాత పగ. కొండ మీద గొర్రె దొరకనప్పుడు అది ఊళ్ళోకి దిగుతుంది. రాతి గోడలు పేర్చిన పాత దొడ్లకు పైకప్పు ఉండదు, లేదా వదులుగా కర్రలు పరిచి ఉంటాయి. చిరుత గోడ ఎక్కి లోపలికి దూకుతుంది. ఆరుబయట అయితే ఒక మేకను పట్టుకుని పోయేదే. కాని మూసిన దొడ్డిలో జీవాలు పారిపోయే దారి లేక గిరగిరా తిరుగుతాయి. కదులుతున్నదాన్నల్లా అది కరుస్తుంది. అలా ఒక్క రాత్రిలోనే పదుల సంఖ్యలో గొర్రెలు, మేకలు చచ్చిన ఇళ్ళున్నాయి.

తెల్లారి దొడ్డి తలుపు తీసిన ఇల్లాలి పరిస్థితి ఎలా ఉంటుందో మందలు కాసేవారికి చెప్పనక్కరలేదు. బిడ్డ చదువుకు, చలికాలపు ఉన్ని బట్టకు, పెళ్ళి ఖర్చుకు ఆ మందే బ్యాంకు. అది రక్తపు మడుగులో పడి ఉంటుంది. పరిహారం కోసం అర్జీ పెట్టుకుని పట్నానికి తిరగడానికయ్యే ఖర్చు, వచ్చే సొమ్ముతో చాలాసార్లు సరితూగదు. అలాంటి ఉదయాన చిరుత ఇంకా దొడ్డిలోనే చిక్కుకుని ఉంటే ఊరంతా కలిసి రాళ్ళతో కొట్టి చంపిన సందర్భాలు ఉన్నాయి. వారిని తప్పుపట్టగలమా? చిరుత దేశానికి సంపద కావచ్చు. వాళ్ళకది దొంగ.

గుడారాలు వచ్చాయి, డబ్బు రాలేదు

లదాఖ్‌లోకి బయటి యాత్రికులను 1974లో అనుమతించారు. అప్పటి నుంచి తెల్లదొరలు, మన దేశస్థులు కొండల్లో నడక యాత్రలకు వస్తున్నారు. హెమిస్ వనంలో మార్ఖా లోయ దారి అందులో పేరుపడింది. యాత్రికులు రుంబక్ వంటి ఊళ్ళ మీదుగానే వెళ్ళేవారు. కాని ఊళ్ళో ఆగేవారు కాదు. లేహ్ నుంచి వచ్చిన యాత్రా సంస్థ వారు గుడారాలు, వంటవాడు, బియ్యం, కూరగాయలు, గ్యాసు, అన్నీ గుర్రాల మీద వేసుకుని వచ్చేవారు. ఊరి పచ్చికలో దిగేవారు. ఆ గుర్రాలు ఊరి మంద తినవలసిన గడ్డి మేసేవి. మర్నాడు గుడారం పీకి వెళ్ళేవారు. ఊరికి దక్కింది గుడారం వేసిన స్థలానికి చిల్లర, వెనక మిగిలిన డబ్బాలు, కాగితాలు.

అదే లోయలో చిరుత కోసమే వేల మైళ్ళ నుంచి మనుషులు వస్తున్నారు. అదే చిరుత వల్ల నష్టపోయిన ఇంటికి వారి వల్ల దమ్మిడీ రావడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కును గుర్తించినవారిలో రించెన్ వాంగ్‌చుక్ ఒకరు. లదాఖ్ బిడ్డ, పర్వతారోహకుడు. మంచు చిరుతల పరిశోధకుడు రాడ్నీ జాక్సన్‌తో కలిసి పనిచేసి, స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ ఇండియా ట్రస్టును నెలకొల్పారు. ఆయన 2011లో కన్నుమూశారు. వీరు ఊరివారికి చిరుతను చంపకండి అని నీతులు చెప్పడంతో ఆగలేదు. ముందు ఊరివారినే కూర్చోబెట్టి, మీకు ఏం కావాలని అడిగారు. మొదట తేలిన పని దొడ్డి బాగుచేయడం. దొడ్డి పైన గట్టి దూలాలు వేసి ఇనుప వల బిగించారు. తలుపుకు సందు లేకుండా చెక్క అమర్చారు. ఖర్చు సామాగ్రిది, శ్రమ ఊరిది. అలా బిగించిన దొడ్డిలోకి చిరుత దూరడం మానేసింది.

రెండో పని ఆదాయం. అది ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది. వచ్చేవాళ్ళు పచ్చికలో ఎందుకు పడుకోవాలి, మన ఇంట్లో పడుకోవచ్చు కదా అన్నదే ఆలోచన. యునెస్కో తోడ్పాటుతో 2002 ప్రాంతంలో రుంబక్ పరిసరాల్లో హిమాలయన్ హోమ్‌స్టేలు అనే పేరుతో ఇది మొదలైంది.

ఇంటి తాళంచెవి

లదాఖ్ ఇళ్ళు మట్టి ఇటుకలతో కట్టిన మిద్దెలు. పైన చదును కప్పు మీద గడ్డి మోపులు, పుల్లలు, పిడకలు చలికాలానికి దాచి ఉంటాయి. ఇంటికి గుండెకాయ వంటగది. మధ్యన పెద్ద పొయ్యి, గోడల నిండా అరల్లో తళతళలాడే రాగి, ఇత్తడి పాత్రలు. అందులోనే చుట్టూ తివాచీలు పరిచి కూర్చుంటారు. అతిథిని కూడా అక్కడే కూర్చోబెడతారు.

ఇంటి ఇల్లాలిని అమాలే అని పిలుస్తారు. అమా అంటే అమ్మ. లే అన్నది మన గారు లాంటిది. ఎవరు కలిసినా జూలే అంటారు. నమస్కారానికీ అదే మాట, కృతజ్ఞతకూ అదే మాట, వీడ్కోలుకూ అదే మాట.

అమాలే కొత్త గదులు కట్టలేదు. ఉన్న ఇంట్లోనే ఒక గది ఖాళీ చేసి, సున్నం వేసి, నేల మీద పరుపు, శుభ్రమైన దుప్పట్లు, ఒక చిన్న బల్ల పెట్టింది. ఇంటి లెక్క రాయడం, పాత్రల శుభ్రత, అతిథితో మసలడం శిక్షణలో నేర్చుకుంది. తిండి మాత్రం తనకు వచ్చిందే. గోధుమ పిండి ముద్దలు, కూరలు కలిపి ఉడికించిన స్క్యూ, వేడి తుక్పా, మందపాటి ఖంబీర్ రొట్టె, వేయించిన బార్లీ పిండి, ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ. ఇంటి పెరుగు, తోటలో ఆకుకూర. కింద నుంచి తెచ్చుకోవలసిన సరుకు తక్కువ కాబట్టి, అతిథి ఇచ్చిన దానిలో ఎక్కువ భాగం ఇంట్లోనే మిగులుతుంది.

మరుగుదొడ్డి సంగతి చెప్పి తీరాలి. నీళ్ళు లేని దేశంలో నీళ్ళు పోసే దొడ్డి కుదరదు. మిద్దె మీద గది, నేలలో రంధ్రం, పక్కన మట్టి కుప్ప, ఒక పార. పని కాగానే ఒక పార మట్టి వేస్తే సరి. కింది గదిలో అది మాగి ఎరువవుతుంది. వసంతంలో పొలానికి తోలుతారు. పట్నం అతిథి మొదట ముక్కు చిట్లించినా, వాసన లేకపోవడం చూసి ఆశ్చర్యపోతాడట. లేహ్ పట్టణంలో హోటళ్ళు పెరిగి, బోర్లు వేసి, నీళ్ళ దొడ్లు కట్టి ఇప్పుడు నీటికి కటకటలాడుతుంటే, పల్లెలో మాత్రం తాతలనాటి దొడ్డే ఊరి నీటిని కాపాడుతోంది.

నీళ్ళ సీసాలు కూడా అమ్మరు. వాగు నీళ్ళు కాచి అతిథి సొంత సీసాలో పోస్తారు. లేహ్ మహిళా సంఘం 1998లోనే పట్టణంలో ప్లాస్టిక్ సంచులు వద్దని పట్టుబట్టి నిషేధం తెప్పించిందంటే, చెత్త విషయంలో అక్కడి ఆడవాళ్ళ పట్టుదల ఎలాంటిదో తెలుస్తుంది. నడక దారుల మీద సైన్యం వాడి పారేసిన పారాచూట్ గుడ్డతో గుడారం వేసి, ఆడవాళ్ళ బృందాలు టీ, నూడుల్స్, కాచిన నీళ్ళు అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి.

ఊరి కట్టుబాటు

ఇల్లు బాగుంటే చాలదు. ఊళ్ళో పది ఇళ్ళుంటే, రోడ్డు వైపున్న ఇంటికే అతిథులంతా వెళతారు. మిగతావారు ధర తగ్గిస్తారు. ఒకరిని చూసి ఒకరు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు. ఇది ఏ ఊరికైనా తప్పని తంటా. రుంబక్ వంటి ఊళ్ళలో దీనికి వేసిన మందు మూడు కట్టుబాట్లు.

మొదటిది వంతు. ఈ రోజు అతిథి ఈ ఇంటికి వస్తే, రేపటి అతిథి పక్క ఇంటికి. రెండోది ఒకే ధర. అందరూ కూర్చుని రాత్రి బసకు, భోజనానికి కలిపి ఇంత అని ముందే నిర్ణయిస్తారు. బేరం ఉండదు. మూడోది ఊరి వాటా. వచ్చిన ఆదాయంలో పదో వంతు ఊరి నిధికి జమ. ఆ నిధితో చెట్లు నాటడం, చెత్త ఎత్తించడం, పాడైన స్థూపాలు, గోడలు బాగుచేయడం వంటి ఉమ్మడి పనులు చేస్తారు.

వినడానికి ఇవి చిన్న మాటలు. కాని ఈ మూడూ లేని చోట హోమ్‌స్టే కూడా ఇంకో హోటలై పోతుంది. ఉన్నవాడు నాలుగు అంతస్తులు లేపుతాడు, లేనివాడు అతని దగ్గర గిన్నెలు కడుగుతాడు.

పగ మరిచిన ఊరు

ఇప్పుడు చలికాలం లెక్క చూడండి. జనవరి నుంచి మార్చి దాకా, చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి దిగే రోజుల్లో, చిరుత భరల్ మందల వెంట కింది లోయల్లోకి వస్తుంది. దాన్ని చూడాలని దుర్భిణీలు మెడలో వేసుకుని యాత్రికులు వస్తారు. పూర్వం ఆ నెలల్లో ఊరికి పైసా రాబడి లేదు. ఇప్పుడు పొయ్యి ఆరదు. ఏ గట్టు మీద అడుగులు కనిపించాయో, ఎక్కడ గీరిన గుర్తులున్నాయో చూపించడానికి ఊరి కుర్రవాళ్ళకు పని దొరికింది.

చచ్చిన చిరుత ఊరికి ఏమీ ఇవ్వదు. బతికున్న చిరుత ప్రతి చలికాలం అతిథులను తెస్తుంది. ఈ సంగతి ఎవరూ ఉపన్యాసం చెప్పి నేర్పనక్కరలేకపోయింది. ఇల్లాలి లెక్క పుస్తకమే నేర్పింది. గొర్రె పోతే ఇప్పటికీ బాధే. కాని రాయి ఎత్తే చెయ్యి ఆగుతోంది.

దేశంలో మంచు చిరుతలను తొలిసారి పద్ధతి ప్రకారం లెక్కించి, 2024 జనవరిలో ప్రభుత్వం ఆ వివరాలు వెల్లడించింది. మొత్తం 718. అందులో ఒక్క లదాఖ్‌లోనే 477. ఈ ఘనత అంతా హోమ్‌స్టేలదే అనడం అతిశయోక్తి అవుతుంది. కాని మూడింట రెండు వంతుల చిరుతలు తిరిగే నేల మీద మనుషులు వాటితో రాజీపడి బతకడానికి ఈ పూటకూళ్ళ ఇళ్ళు ఒక ఆసరా అన్నది నిజం.

ఇక ఆడవాళ్ళ సంగతి. పొలంలో, దొడ్డిలో చేసే చాకిరీకి ఎన్నడూ రోకడి రాలేదు. అతిథి ఇచ్చే డబ్బు మాత్రం వండి పెట్టిన చేతికే వస్తుంది. ఆ సొమ్ము ముందు పిల్లల చదువుకు పోతుంది. పైదేశస్థులు వచ్చి తన వంటను మెచ్చుకుని, తన పంట గురించి అడిగి తెలుసుకుంటే, ఇన్నాళ్ళూ మోటుతనం అనుకున్న తన బతుకు మీద తనకే గౌరవం పెరుగుతుంది. ఇది డబ్బు కంటె తక్కువదేమీ కాదు.

చిక్కులు లేకపోలేదు

అంతా తీపే అనుకోవద్దు. 2020లో కరోనా వచ్చి దారులు మూతపడగానే యాత్రికులు ఒక్కసారిగా ఆగిపోయారు. పొలమూ మందా వదలకుండా ఉన్న ఇళ్ళు తట్టుకున్నాయి. అతిథి మీదే ఆధారపడ్డవారికి దెబ్బ తగిలింది. అందుకే హోమ్‌స్టే అన్నది సేద్యానికి తోడుగా ఉండాలే గాని, సేద్యాన్ని మాన్పించకూడదు. నిజానికి అతిథి వచ్చేది ఆ పొలాన్నీ, మందనూ చూడటానికే. అవి పోతే చూడటానికి ఏం మిగులుతుంది?

మరో చిక్కు చాకిరీ. పొలంలో దిగుబడి పనులు, అతిథుల రాక రెండూ వేసవిలోనే కలిసి వస్తాయి. పొద్దున్నే మందను తోలి, మధ్యాహ్నం కోత కోసి, రాత్రి అతిథులకు రొట్టెలు చేసేది అదే ఆడమనిషి. ఇంట్లో మగవాళ్ళు చెయ్యి వేయకపోతే ఆదాయంతో పాటు నడుము నొప్పి కూడా పెరుగుతుంది. వంతు పద్ధతి వల్ల కొంత ఊపిరి తీసుకునే వీలుంది.

అయిదు పొయ్యిల కొండ కింద

ఇది లదాఖ్‌కే చెల్లిందా అంటే కాదు. ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ జిల్లా మున్సియారీ పక్కన సర్మోలీ అనే ఊరుంది. ఎదురుగా పంచచూలి శిఖరాలు. అక్కడి మాటలో చూలి అంటే పొయ్యి. పాండవులు స్వర్గారోహణకు ముందు ద్రౌపది చివరిసారి వంట చేసిన అయిదు పొయ్యిలే ఆ అయిదు శిఖరాలని చెప్పుకుంటారు. ఆ పొయ్యిల నీడన ఈనాటి ఆడవాళ్ళు తమ పొయ్యిల మీద బతుకు నిలుపుకున్నారు.

సర్మోలీ కథలో మనం గమనించవలసింది ఒకటుంది. అక్కడి ఆడవాళ్ళు ముందు హోమ్‌స్టే కోసం కూడలేదు. సారా మీద, ఇంట్లో దెబ్బల మీద పోరాడటానికి మాటీ సంఘటన్ పేరుతో కూడారు. తర్వాత ఊరి ఉమ్మడి అడవిని చూసుకునే వన పంచాయతీలో నిలబడ్డారు. పర్వతారోహకురాలు మల్లికా విర్ది ఆ పంచాయతీకి సర్పంచిగా పనిచేశారు. ఆ కూడికే తర్వాత 2004 ప్రాంతం నుంచి హోమ్‌స్టేలు నడపడానికి బలమైంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సర్మోలీని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది.

ఈ మాట వినగానే మనవాళ్ళకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుకు రావాలి. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా దుకాణం మీద లేచిన తిరుగుబాటు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. కూడి నిలబడటం తెలుగు ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఈనాడు మన గూడేల్లో డ్వాక్రా సంఘాలున్నాయి. పొదుపు పుస్తకం రాసే అలవాటుంది. కావలసిన పునాది ఉంది.

మన కొండల సంగతి

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మనకు లదాఖ్‌లా ఊపిరాడని ఎత్తులు లేవు, గడ్డకట్టే చలి లేదు. విశాఖ నుంచి అరకుకు సొరంగాల గుండా రైలుంది. కాఫీ ఉంది, మిరియాలున్నాయి, పసుపు, అల్లం, రాజ్మా పండుతున్నాయి. సామ అన్నం, రాగి అంబలి, కందిపప్పు, బొంగులో కోడి, రాత్రికి థింసా. పట్నంవాడు డబ్బిచ్చి తినేదీ, చూసేదీ మన ఇంట్లోనే ఉంది.

అన్నిటికంటె పెద్ద బలం మన భూమి. 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషన్, జనం నోట వన్ ఆఫ్ సెవెంటీ, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. ఆ చట్టం కాగితం మీద భూమిని కాపాడుతుంది. కాని రోడ్డు పక్క చెక్కను ఏడాదికింత అని మాట మీద ఎవరికో వదిలేసి, అందులో వాళ్ళు కట్టిన గదుల ముందు మనమే కావలి కాస్తే చట్టం ఏం చేస్తుంది? చెక్క వదలకుండా, అప్పు చేసి మిద్దెలు లేపకుండా, ఉన్న పెంకుటింట్లోనే ఒక గది అలికి, ముగ్గేసి, అతిథికి ఇచ్చే దారి ఒకటుందని లదాఖ్ చూపిస్తోంది.

అందుకు కావలసినవి పెద్ద పెట్టుబడులు కావు. శుభ్రమైన గది, దుప్పటి, కాచిన నీళ్ళు, ఆడవాళ్ళు నిర్భయంగా వెళ్ళగల మరుగుదొడ్డి. ఇంట్లో మందు తాగడం కుదరదని, ఫోటో తీసే ముందు అడగాలని అతిథికి ముందే చెప్పే ధైర్యం. ఇంటివారికి ఇష్టం లేని అతిథిని వద్దనే హక్కు. వీటన్నిటికీ మించి, గుడిసె గుడిసెకూ పోటీ పెట్టకుండా వంతు, ఒకే ధర, ఊరి వాటా అనే మూడు కట్టుబాట్లు. సంఘం కూర్చుంటే ఒక పూటలో తేలే విషయాలివి. అధికారులు చేయవలసింది శిక్షణ, ఆడవాళ్ళ పేరున నమోదు, చెత్త దించే బండి. గదుల కంట్రాక్టు కాదు.

వచ్చే చలికాలం వలిసెలు మళ్ళీ పూస్తాయి. కార్లు మళ్ళీ వస్తాయి. ఆ దీపాలు మన గూడెం దాటి ఎవరి గుడారాల దగ్గరో ఆగుతాయా, మన ఇంటి వాకిట్లో ఆగుతాయా అన్నది పంట నూర్పిళ్ళయ్యే లోపు సంఘాల్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. రుంబక్ ఆడవాళ్ళు తేల్చుకున్నారు. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు అతిథి పచ్చికలో పడుకోడు. పొయ్యి పక్కన కూర్చుని, వెన్న టీ తాగి, పొద్దున లేచి వెళుతూ ఇంటి ఇల్లాలికే డబ్బు ఇచ్చి జూలే అని చెప్పి వెళతాడు.